వచ్చి చేరినవి, తరిగిపోతున్నవి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రెండు విషయాల గురించి ఉన్నాయి. బయటి నుంచి వచ్చి మన చెరువులను, బీళ్ళను ఆక్రమిస్తున్న మొక్కలు, చేపలు, పురుగులు ఒకటి. అవసరానికి మించి తీసుకోవడం వల్ల మన అడవుల్లో, పొలాల్లో తరిగిపోతున్న చెట్లు, పక్షులు రెండోది. ఈ రెంటినీ విడదీసి జవాబు చెప్పడం నాకు సబబుగా తోచలేదు. సారపప్పు కాసే మొర్రి చెట్టును నరికిన చోటనే పరాయి దేశపు లాంటానా పొద లేస్తుంది, పశువులు మేసి మేసి బోసిపోయిన బీడులోనే సర్కారు తుమ్మ నిలదొక్కుకుంటుంది. అందుకే అన్ని ఉత్తరాలకూ ఇక్కడ కలిపే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా కాలనీ పక్కనున్న చెరువులో ఏటా వేసవిలో యంత్రాలు పెట్టి గుర్రపుడెక్క తీయిస్తారు. దసరా వచ్చేసరికి నీళ్ళు కనపడకుండా మళ్ళీ అల్లుకుపోతుంది. దోమలతో సాయంత్రం పూట తలుపులు తీయలేకపోతున్నాం. దీన్ని శాశ్వతంగా వదిలించుకునే మార్గం లేదా?
— ఒక గృహిణి, మల్కాజ్‌గిరి

జవాబు: గుర్రపుడెక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. దాని ఊదారంగు పూల అందం చూసి 19వ శతాబ్దం చివరలో ఎవరో బెంగాల్‌కు తెచ్చుకున్నారు, అక్కడి నుంచి అది దేశమంతా పాకింది. ఆక్రమణ జాతుల మీద అంతర్జాతీయ శాస్త్రవేదిక ఒకటి 2023 సెప్టెంబరులో వెలువరించిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ చోట్లకు వ్యాపించిన ఆక్రమణ జాతి ఇదే; లాంటానాది దాని తరువాతి స్థానం. అనుకూలమైన నీరు దొరికితే గుర్రపుడెక్క రెండు వారాల్లో రెట్టింపు కాగలదు. యంత్రం వదిలేసిన ఒక్క పిలక చాలు, మళ్ళీ మొదలవుతుంది. పిలకలన్నీ ఏరేసినా అడుగు బురదలో పడిన గింజలు 15, 20 ఏళ్ళ వరకూ మొలకెత్తే శక్తితో ఉంటాయి.

అయితే దానికి తిండి పెడుతున్నది మనమే. ఇళ్ళ నుంచి వచ్చే మురుగులోని నత్రజని, భాస్వరం చెరువులోకి చేరుతున్నంత కాలం, మొక్కను తీయడం అంటే పండిన పంటను కోసి పొలానికి మళ్ళీ ఎరువు వేసినట్టే. కాబట్టి మీ కాలనీ వారు అడగవలసిన మొదటి ప్రశ్న యంత్రం ఎప్పుడు వస్తుందని కాదు, చెరువులోకి మురుగు ఏ తూము నుంచి, ఏ నాలా నుంచి దిగుతోందని. దాన్ని మళ్ళించి శుద్ధి చేసిన తరువాతే మిగతా పనులు ఫలిస్తాయి.

తీసే పద్ధతి కూడా ముఖ్యమే. పూత రాకముందే తీయాలి, అప్పుడే కొత్త గింజలు బురదలో పడవు. పెద్ద యంత్రం వెళ్ళిపోయాక తెప్ప మీదో పడవ మీదో మనుషులు తిరిగి, గట్ల వెంట, చెట్ల వేళ్ళ మధ్య చిక్కుకున్న చిన్న పిలకలను వారం వారం ఏరాలి. తీసిన రాశిని గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకే ఆ పోషకాలన్నీ చెరువులోకి దిగిపోతాయి కనుక, దూరంగా తరలించి కంపోస్టు చేయాలి. ఈ మొక్కను మాత్రమే తిని బతికే ముక్కుపురుగులను మన శాస్త్రవేత్తలు 1980ల తొలినాళ్ళలో విదేశాల నుంచి తెప్పించి, పరీక్షించి, బెంగళూరు ప్రాంతంలో వదిలారు. అవి పని చేస్తాయి, కాని వాటికి ఏళ్ళు పడుతుంది. ఏటా మొక్కలన్నిటినీ ఊడ్చేసే చెరువులో ఆ పురుగులు కూడా మొక్కలతో పాటే పోతాయి కనుక, ఈ రెండు పద్ధతులనూ ఒకే చెరువులో ఆలోచన లేకుండా కలపకూడదు.

దోమల విషయంలో మీ అనుమానం నిజమే. మాన్సోనియా జాతి దోమల పిల్లపురుగులు నీటి మొక్కల వేళ్ళకు అతుక్కుని, వాటిలోని గాలినే పీల్చి బతుకుతాయి. నీటి మీద మందు చల్లినా అవి సులభంగా చావకపోవడానికి కారణం అదే.

ప్రశ్న: పరాయి దేశం నుంచి వచ్చిన ప్రతి మొక్కా హానికరమేనా? అలాగైతే మనం తినే మిరప, టమాటా మాటేమిటి? నగరంలో రోడ్ల మధ్య నాటిన కోనోకార్పస్ కూడా ఆక్రమణ జాతే అంటున్నారు.
— వృక్షశాస్త్ర విద్యార్థి, తార్నాక

జవాబు: కాదు. మిరప, టమాటా, జామ, వేరుశనగ, చివరికి మహబూబ్‌నగర్ గుట్టల్లో తనంతట తానే కాసే సీతాఫలం కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే, వాటిని ఎవరూ శత్రువులుగా చూడరు. ఇందాక చెప్పిన 2023 నివేదిక లెక్కలో, మనుషులు ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చిన జాతులు ప్రపంచవ్యాప్తంగా 37 వేలకు పైగా ఉంటే, వాటిలో హాని చేస్తున్నట్టు తేలినవి సుమారు 3,500. అంటే పదింట ఒకటి. కాని ఆ ఒకటి చాలు: నమోదైన వృక్ష, జంతు జాతుల అంతర్ధానాల్లో 60 శాతానికి ఆక్రమణ జాతులు ఒక కారణంగా ఉన్నాయని అదే నివేదిక చెప్పింది.

కాబట్టి చూడవలసింది పుట్టుక కాదు, నడవడి. మనం నాటిన హద్దు దాటి తనంతట తాను వ్యాపిస్తోందా, వ్యాపించిన చోట ఇతరులను బతకనిస్తోందా, అన్నవే ప్రశ్నలు. 1950ల మధ్యలో పుణె దగ్గర గుర్తించిన వయ్యారిభామ ఈ రెండు ప్రశ్నలకూ తప్పిన జాతి. దిగుమతి చేసుకున్న గోధుమలతో వచ్చిందని చెప్పే ఈ కలుపు, ఒక్కో మొక్కకు వేల సంఖ్యలో గింజలు వేసి, చుట్టూ ఇతర మొక్కలు మొలవకుండా చేసే రసాయనాలను నేలలోకి వదులుతూ, మనుషులకు చర్మవ్యాధులనూ ఉబ్బసాన్నీ తెచ్చిపెడుతోంది.

కోనోకార్పస్ మన దగ్గర గింజలతో అడవుల్లోకి పాకిన దాఖలా నేను చూడలేదు, కాబట్టి దాన్ని వయ్యారిభామ సరసన నిలబెట్టలేను. దాని మీద నా అభ్యంతరం వేరు. కిలోమీటర్ల పొడవునా ఒకే జాతిని నాటడం వల్ల అక్కడ పక్షికి పండు లేదు, తేనెటీగకు పువ్వు లేదు; వేళ్ళు పైపులను దెబ్బతీస్తాయన్న ఫిర్యాదులూ ఉన్నాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్ని నిషేధించింది. మీరు మొక్కలు నాటే కార్యక్రమంలో ఉంటే కానుగ, వేప, నేరేడు, రేల, మోదుగ అడగండి.

ప్రశ్న: మాకు చేవెళ్ళ దగ్గర నాలుగెకరాల బీడు ఉంది. పదేళ్ళుగా సాగు చేయక సర్కారు తుమ్మ కమ్మేసింది. రెండుసార్లు కొట్టించినా మళ్ళీ మునుపటి కన్నా దట్టంగా లేచింది. ఇది జమ్మికి చుట్టమే అని మా ఊరి మాస్టారు అన్నారు, నిజమేనా?
— ఒక రైతు

జవాబు: నిజమే. మన తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మినీ, సర్కారు తుమ్మనూ వృక్షశాస్త్రం చాలాకాలం ఒకే ప్రజాతిలో చేర్చింది. ఇటీవల కొందరు శాస్త్రవేత్తలు సర్కారు తుమ్మను వేరే ప్రజాతిలోకి మార్చారు కాని బంధుత్వం దూరమైనా తెగిపోలేదు. ఆ చుట్టరికం వల్లనే ఈ రెండు చెట్ల మధ్య తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. జమ్మి వేరు నేలలోకి చాలా లోతుకు దిగుతుంది, పలుచని నీడ ఇస్తుంది, రాలిన ఆకుతో నేలను బాగుచేస్తుంది. రాజస్థాన్ రైతులు దాని కిందనే సజ్జ పండించుకుంటారు. సర్కారు తుమ్మ కింద గడ్డి కూడా సరిగా మొలవదు.

దీని చరిత్రలో మన తెలుగునేలకు ఒక పాత్ర ఉంది. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల ఈ చెట్టును వంటచెరకు కరువు తీరుతుందన్న ఆశతో నాటి బ్రిటిష్ అటవీ అధికారులు జమైకా నుంచి గింజలు తెప్పించి, 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో నాటించారు. తరువాత మెట్టభూములు పచ్చబడతాయని ప్రభుత్వాలే దీన్ని ప్రోత్సహించాయి, ఆ కథంతా జనం పెట్టిన పేరులోనే ఉంది. వంటచెరకు దొరికిన మాట నిజం. గ్యాస్ రాకముందు ఎన్నో ఊళ్ళ పొయ్యిలు దీనితోనే వెలిగాయి, ఈనాటికీ బొగ్గు కాల్చి బతికే కుటుంబాలు ఉన్నాయి. అందువల్ల దీన్ని ఒక్కసారిగా ఊడ్చేయాలన్న మాట నేను అనను. పేదవాడి పొయ్యి గురించి ఆలోచించకుండా పర్యావరణం గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

ఇక మీ నాలుగెకరాల సంగతి. కొట్టినా లేవడానికి కారణం కొట్టిన ఎత్తు. ఈ చెట్టు చిగుళ్ళు నేల మట్టానికి కొద్దిగా కింద, కాండం వేరుగా మారే చోట నిద్రపోతూ ఉంటాయి. గొడ్డలితో నేల పైన కొడితే ఒక్క మానుకు బదులు పది పిలకలు లేస్తాయి. చుట్టూ జానెడు, జానెడున్నర లోతు తవ్వి ఆ మెడ భాగంతో సహా తీసేయాలి, లేదా జేసీబీతో మొదలంటా పెకలించాలి. కాయలు పండకముందు తీయడం ఇంకా ముఖ్యం. మేకలు, పశువులు, జింకలు ఆ తియ్యటి కాయలను ఇష్టంగా తింటాయి, గట్టి పొట్టున్న గింజ వాటి కడుపులో అరగక పేడతో బయటపడి, ఎరువుతో సహా నాటినట్టు మొలుస్తుంది. కాయల కాలంలో మీ మందను ఆ బీటి నుంచి వేరే పొలానికి తోలకండి.

నాలుగెకరాలూ ఒకే ఏడు శుభ్రం చేసి ఖాళీగా వదలవద్దు. ఖాళీ నేల కనిపిస్తే బురదలో ఉన్న గుర్రపుడెక్క గింజ లేచినట్టే, మట్టిలోని తుమ్మ గింజ లేస్తుంది. మొదటి ఏడు ఒక ఎకరం తీసి, వానలకు ముందే గట్ల మీద జమ్మి, మోదుగ, తంగేడు, సీతాఫలం గింజలు పెట్టి, మధ్యలో ఉలవలో కందులో చల్లి నేలను కప్పండి. లేచిన తుమ్మ మొలకలను తడి నేలలో ఉన్నప్పుడే చేత్తో పీకించండి. మొలక పీకడం రెండు నిమిషాల పని, మూడేళ్ళు ఆగితే అదే జేసీబీ పని అవుతుంది. తీసిన కర్ర అమ్మితే కూలి ఖర్చులో కొంత వస్తుంది.

ప్రశ్న: పిల్లలు ముచ్చటపడి కొన్న ట్యాంక్ క్లీనర్ చేప, చెవుల దగ్గర ఎర్ర చారలున్న చిన్న తాబేలు ఇప్పుడు తొట్టెలో పట్టనంత పెద్దవయ్యాయి. చంపడానికి మనసొప్పదు. దగ్గర్లోని చెరువులో వదిలితే పుణ్యమే కదా?
— ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: దయచేసి వదలవద్దు. ఆ రెండు ప్రాణాలను కాపాడబోయి చెరువులోని వందల ప్రాణాలను ఆపదలో పెట్టినట్టవుతుంది. ట్యాంక్ క్లీనర్ అని అమ్మేది దక్షిణ అమెరికా చేప, ఒంటి నిండా ఎముకల కవచం ఉంటుంది కనుక మన చేపలు, పక్షులు దాన్ని సులభంగా తినలేవు. గట్లలో బొరియలు తవ్వుతుంది, ముళ్ళతో జాలర్ల వలలు చింపుతుంది. నీటిలో కలిసిన డీఎన్‌ఏ జాడలను బట్టి ఏ చెరువులో ఏ జీవి ఉందో చెప్పే పద్ధతితో, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల జలాశయాల్లో ఈ చేప విస్తృతంగా చేరిపోయిందని గుర్తించారు. అవన్నీ ఏదో ఒక రోజు ఎవరో ఒకరి తొట్టెలోంచి వచ్చినవే.

కొన్న దుకాణం వారిని తిరిగి తీసుకొమ్మని అడగండి, లేదా పెద్ద తొట్టె ఉన్నవారికి ఇవ్వండి. మీ తాబేలు విదేశీది. ఒకవేళ ఎవరి దగ్గరైనా వీపు మీద నక్షత్రాల వంటి గీతలున్న తాబేలు ఉంటే అది మన సొంత జాతి, దొంగరవాణాకు బలవుతున్నది. దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం కనుక అటవీశాఖకు అప్పగించాలి.

ఇదే సందర్భంలో చేపలు కొనేవారందరికీ ఒక మాట. మార్పు చేప పేరుతో అమ్మే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషిద్ధం. అది వరదకు చెరువు దాటి బయటపడితే మన మార్పును, రాష్ట్ర చేప అయిన కొర్రమీను పిల్లలను కూడా మింగేస్తుంది. అసలు మార్పు చిన్నది, మూడు నాలుగు కిలోలు తూగిందంటే అది మార్పు కాదు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి వచ్చేటప్పుడు పూలమొక్కల దుంపలు, కూరగాయల గింజలు తెస్తానంటోంది. పెట్టెలో పెట్టుకుని వస్తే తప్పవుతుందా?
— విశ్రాంత ఉద్యోగి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అవుతుంది. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశపు అధికారులు ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా గింజలు, దుంపలు తేకూడదు. ఇది ఉత్త కాగితాల పట్టింపు కాదు. విదేశాల నుంచి వచ్చి 2018లో కర్ణాటకలో మొదట కనిపించిన కత్తెర పురుగు ఒకటి రెండేళ్ళలోనే మన మొక్కజొన్న చేలన్నిటికీ చేరింది. 2021లో అలాగే బయటి నుంచి వచ్చిన నల్ల తామర పురుగు దెబ్బకు ఖమ్మం, వరంగల్, గుంటూరు ప్రాంతాల మిరప రైతులు పూతంతా రాలిపోతుంటే చేలను దున్నేసిన దృశ్యాలు మరిచిపోలేం. పరిశోధన కోసం శాస్త్రవేత్తలు తెప్పించే గింజలను సైతం రాజేంద్రనగర్‌లోని మొక్కల క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించిన తరువాతే బయటికి వదులుతారు. అమ్మాయిని ఉత్త చేతులతోనే రమ్మనండి, విత్తనాలు ఇక్కడ దొరుకుతాయి.

ప్రశ్న: మూడు తరాలుగా మాది మూలికలు, అటవీ సరుకుల వ్యాపారం. తపసి బంక, సారపప్పు, నన్నారి షర్బతుకు వాడే మారేడు కొమ్ములు మునుపటిలా రావడం లేదు, వచ్చినా నాణ్యత లేదు. అడవిలోది అందరిదీ కదా, దీనికి కూడా చట్టాలున్నాయా?
— వ్యాపారి, బేగంబజార్

జవాబు: తరుగుదలను దుకాణంలో కూర్చుని గమనించి, దాన్ని దాచకుండా రాసినందుకు మీకు కృతజ్ఞతలు. సరుకు తగ్గడానికి కారణం అది ఎలా తీస్తున్నారన్న దానిలోనే ఉంది. మొర్రి చెట్టుకు కాసే చిన్న పండ్ల గింజలోనిదే సారపప్పు. పండ్లు పక్వానికి రాకముందే, వేరొకరు కోసుకుపోతారన్న భయంతో కొమ్మలే నరికి దించుతున్నారు. పచ్చిగా దించిన గింజలో పప్పు సన్నబడుతుంది, నరికిన కొమ్మకు మరుసటి ఏడు పూత ఉండదు, అడవిలో రాలి మొలవవలసిన గింజ మిగలదు. మారేడు కొమ్ములంటే ఒక అడవి తీగ వేళ్ళు, వాటి విషయం ఇంకా కష్టం: వేరు తవ్వితే తీగ చస్తుంది, కాబట్టి కొంత వేరును నేలలో వదిలితే తప్ప అక్కడ మళ్ళీ తీగ ఉండదు. తపసి చెట్టుకు బంక కోసం గొడ్డలితో లోతుగా, వెడల్పుగా గాట్లు పెట్టడం వల్ల ఒకప్పుడు చెట్లకు చెట్లే ఎండిపోయాయి. బెరడు వరకే ఆగే చిన్న గాటుతో బంక శుభ్రంగా వస్తుంది, చెట్టూ బతుకుతుంది. ఈ పద్ధతిలో శిక్షణ పొందిన గిరిజనులు ఉన్నారు.

ఇక్కడ సేకరించేవారిని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. నల్లమలలో చెంచులు తరతరాలుగా ఇవన్నీ తీసుకుంటూనే అడవిని నిలుపుకున్నారు. తొందర పుట్టింది ధర నుంచి. పచ్చిదైనా పండిందైనా ఒకే ధర ఇచ్చినంత కాలం ఎవరూ పండేవరకు ఆగరు. పండిన సరుకుకు మీ వంటి వ్యాపారులు ఎక్కువ ధర కట్టి, పచ్చి సరుకును తిప్పి పంపితే, ఏ చట్టమూ చేయలేని పని జరుగుతుంది.

చట్టమూ ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలో జాతీయ ప్రాధికార సంస్థ, ప్రతి రాష్ట్రంలో ఒక మండలి, స్థానిక సంస్థల స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఏర్పడ్డాయి. ఊరి పరిధిలోని జీవజాతులను, వాటి గురించి ఊరివారికి తెలిసిన సంగతులను ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాసుకోవాలి. వ్యాపారానికి వాడుకునేవారు రాష్ట్ర మండలికి ముందుగా తెలిపి, లాభంలో కొంత కాపాడినవారికి ఇవ్వాలి. సంప్రదాయ వైద్యులకు, హకీములకు ఇందులో మొదటి నుంచీ ఉన్న మినహాయింపును 2023 సవరణ ఆయుష్ వృత్తిదారులకు, సాగుచేసిన ఔషధ మొక్కలకు కూడా ఇచ్చింది. సాగును ప్రోత్సహించడం మంచిదే, కాని అడవిలో తవ్వుకొచ్చిన వేరును సాగుచేసినదని చెప్పి దాటించే వీలు పెరిగిందన్నది నా ఆందోళన. తూర్పు కనుమల దక్షిణ భాగంలోని శేషాచలం, వెలిగొండ వంటి కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనానికి 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్య ఆంక్షలున్నా దొంగరవాణా ఆగలేదు. డిమాండు ఉన్నంత కాలం కాగితం ఒక్కటే అడవిని కాపాడలేదని అది చూపించింది.

ఆక్రమణ జాతుల విషయంలో కూడా చట్టం ఆలస్యంగా మేలుకుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, అటువంటి జాతుల దిగుమతిని, అమ్మకాన్ని, పెంపకాన్ని నియంత్రించే అధికారాన్ని 62ఎ సెక్షను ద్వారా కేంద్రానికి ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో మాంట్రియల్‌లో జరిగిన జీవవైవిధ్య సదస్సులో, కొత్త ఆక్రమణ జాతుల రాకను 2030 నాటికి కనీసం సగానికి తగ్గించాలని దేశాలు ఒప్పుకున్నాయి. పదేళ్ళ ముందు, 2012 అక్టోబరులో, ఆ దేశాలన్నీ ఇదే విషయం మీద మన హైదరాబాద్‌లో కూర్చుని మాట్లాడాయి.

ప్రశ్న: దసరా రోజు పాలపిట్టను చూడటం మా ఇంటి ఆనవాయితీ. కొన్నేళ్ళుగా పంజరంలో పెట్టి ఇంటింటికీ తెచ్చి డబ్బులు తీసుకుంటున్నారు. కాళ్ళు కట్టేసి ఉండటం చూసి పోయినసారి మా మనవరాలు ఏడ్చింది. ఆనవాయితీ మానాలా?
— ఒక అమ్మమ్మ, సికింద్రాబాద్

జవాబు: అమ్మా, మానవలసింది ఆనవాయితీ కాదు, పంజరానికి డబ్బులివ్వడం. పండుగకు కొన్ని రోజుల ముందే పట్టి, రెక్కలు కదలకుండా కట్టి, తిండి లేకుండా తిప్పే ఆ పిట్టల్లో చాలా వరకు వదిలినా బతకవు. పట్టడం, అమ్మడం, చూపించి డబ్బు తీసుకోవడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. దేశవ్యాప్తంగా పక్షులను గమనించేవారి లెక్కలతో 2023లో వెలువడిన నివేదిక, పాలపిట్టల సంఖ్య కొన్నేళ్ళలోనే 30 శాతానికి పైగా తగ్గినట్టు చెప్పింది. మన రాష్ట్ర పక్షి అది. పంజరంతో ఎవరైనా వస్తే అటవీశాఖకు తెలియజేయండి.

దసరా నాటికి పాలపిట్టలు పొలాల వెంట కరెంటు తీగల మీద, ఒంటరి చెట్ల కొనల మీద కూర్చుని గడ్డిలోని మిడతల కోసం చూస్తూ ఉంటాయి. పొద్దున్నే ఏడు, ఎనిమిది గంటల మధ్య మనవరాలిని తీసుకుని శామీర్‌పేట వైపో, వికారాబాద్ దారిలోనో నగరం దాటి వెళ్ళండి. కూర్చున్నప్పుడు గోధుమరంగుగా, మామూలు పిట్టలా ఉంటుంది కనుక పాప గుర్తుపట్టకపోవచ్చు. అది తీగ మీది నుంచి నేలకు దూకేదాకా ఆగమనండి, అప్పుడు రెక్కల నీలం కనిపిస్తుంది.